మాంద్యకాలమున క్రొత్త నాయకత్వము

చీమకుర్తి క్వారీలలో లభించు నల్లరాయి నేడు సముద్రములు దాటి పోవుచున్నది. నల్లని పలకపై చుక్కల వలె మెరయు ఆ రాతికి దూరదేశములలో గిరాకీ తగ్గినచో, ఆ దెబ్బ మొదట తగులునది ఇచ్చటి క్వారీ కూలికే. అందులో అతని తప్పేమియు ఉండదు. ఒంగోలు సీమకు ఈ అనుభవము క్రొత్తది కాదు. దాదాపు తొంబది ఏండ్లకు పూర్వము ఇచ్చటి రైతులు పంటల విషయమున దీనినే చవిచూచిరి.

ఇట్టి కాలమున “పాలకులు మారవలెను” అను మాట వినవచ్చుట సహజము. ఆ కోరిక ఎప్పుడు న్యాయమగును, ఎప్పుడు కేవలము కోపమగును? మన చరిత్రలోనే దీనికొక ఉదాహరణము కలదు.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలెను. ఆ వెంట ప్రపంచమంతట పంటల ధరలు పడిపోయినవి. మద్రాసు రాజధానిలో ధాన్యము ధర కొద్ది ఏండ్లలోనే సగమునకు దిగినది. భూమిశిస్తు మాత్రము రూపాయలలో నిర్ణయమైనది. అది ధరతోపాటు దిగలేదు. పది బస్తాలమ్మి కిస్తు కట్టిన రైతు ఇరువది బస్తాలు అమ్మవలసి వచ్చెను. ప్రోనోటు మీది అప్పు కాగితముపై కదలకున్నను, గింజల లెక్కలో రెట్టింపయ్యెను.

అప్పుడు మద్రాసున జస్టిస్ పార్టీ మంత్రివర్గము ఉండెను. 1932 నుండి దానికి పెద్ద బొబ్బిలి రాజావారు. మాంద్యమును వారు తేలేదు. ద్వంద్వ ప్రభుత్వ పద్ధతిలో భూమిశిస్తు శాఖ మంత్రుల చేతిలోనే లేదు. 1936లో ఋణముల రాజీకై ఒక చట్టమును కూడ వారు చేసిరి. అయినను రాజీ యన్నది సాహుకారు సమ్మతించిననే కుదురును. పైగా, రైతు ఇల్లు గడవని ఆ దినములలో మంత్రుల జీతము నెలకు 4,000 రూపాయలకు పైబడి యుండెను. పల్లెలు మరువలేని లెక్క అది.

1937 ఎన్నికలలో శాసనసభ 215 స్థానములలో కాంగ్రెసుకు 159 లభించినవి. బొబ్బిలి రాజావారు తమ సొంత సీమలోనే వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. జూలైలో రాజాజీ మంత్రివర్గమేర్పడెను. ఒంగోలు చెంత వినోదరాయునిపాలెమున జన్మించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి యైరి. మంత్రుల జీతము 500 రూపాయలకు దిగెను.

1938 మార్చిలో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము అమలునకు వచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో ఆ బాకీ పూర్తిగా తీరినట్లే. తరువాతి అప్పులకు వడ్డీని నూటికి 5 చొప్పున లెక్కకట్టిరి. ఇక అప్పు పుట్టదని కొందరు భయపడిరి. ఆ భయము నిరాధారము కాదు. సహకార పరపతి పెరగనిదే విత్తనములకు సొమ్ము ఎచ్చటిది?

ఈ చట్టమునకు మరియొక లోపము కలదు. నాడు ఓటు ముఖ్యముగా ఆస్తిపరులకు, చదువుకొన్నవారికి మాత్రమే. చట్టము కూడ భూమిపై హక్కు గల రైతునే ఆదుకొన్నది. ఓటు లేని కూలికి అందులో చోటు లేకపోయెను.

దీనినిబట్టి మాకు తోచునది ఇది. ధర పడిపోవుట పాలకుల చేతిలో ఉండకపోవచ్చును. పడిన భారము ఎవరి వీపున నిలువవలెనో నిర్ణయించుట వారి చేతిలోనిదే. ఆ నిర్ణయము తప్పినచోట నాయకత్వమును మార్చగోరుట న్యాయము. అయితే క్రొత్తగా వచ్చువారిని మూడు ప్రశ్నలు అడుగవలెను. భారమును ఎవరిపైనుండి తీసి ఎవరిపై ఉంచెదరు? అందుకు కావలసిన అధికారము, ధనము మీకు కలవా? మీ ఖర్చును మీరెంత తగ్గించుకొందురు?

1937లో కూలి ఈ ప్రశ్నలను అడుగజాలకపోయెను. నేడు చీమకుర్తి క్వారీలో రాయి కోయు కూలికిని ఓటు కలదు. జవాబు వినిన తరువాతనే అతడు దానిని వేయుగాక.