తిరిగివచ్చిన 263 మంది

గుడియాత్తంలో ఈ స్మారకోపన్యాసం జరిపించే ధర్మనిధి ఏ వృద్ధ సైనికుని పేరిట వెలిసిందో, ఆయన మంచితనం గురించి ఆయన పిల్లలూ మనవలూ నాకన్నా బాగా చెప్పగలరు. యుద్ధం చేసి వచ్చి, సంసారం ఈది, పండు వయసులో సొంత ఇంట్లో కన్నుమూసిన మనిషి ఆయన. మన చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకనిది సరిగ్గా అలాంటివారికే. వేలూరులో సైనికుల ప్రసక్తి రాగానే అందరూ 1806 జూలై 10 నాటి కోట తిరుగుబాటు దగ్గర ఆగిపోతారు. దాని మీద కావలసినన్ని పుస్తకాలున్నాయి కనుక నేను ముందుకు వెళతాను.

వేలూరు లాంగ్ బజారు గడియార స్తంభం మీద ఒక పలక ఉంది. మొదటి మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి 277 మంది వెళ్లారనీ, వారిలో 14 మంది ప్రాణాలు విడిచారనీ దాని సారాంశం. అంటే మిగిలిన 263 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లు ఏమయ్యారు? పలక చెప్పదు, పండితులూ అడగరు. నా పాత తగాదా ఇక్కడే. అడగకపోవడానికి ఒక పాత తీర్పు కారణమని నా వాదం. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దీర్ఘకాలపు శాంతి దక్షిణాది సిపాయిల పౌరుషాన్ని హరించిందని నమ్మాడు. 1897లో అచ్చయిన ఆత్మకథలోనూ అదే రాశాడు. తర్వాతి మనవాళ్లు ఆ మాట కాదన్నారు గాని, దాని స్థానంలో ఇంకొకటి పెట్టారు: వీళ్లు జీతం కోసం వెళ్లినవాళ్లు, పరాయి యుద్ధంలో వీరికేం గౌరవమని. రెండు తీర్పులూ మనిషిని పటాలంలో చేరిన రోజునే తూచేశాయి. జీతం కోసమే వెళ్లారనుకుందాం. ఆ జీతం ఎవరి అప్పు తీర్చింది, ఎవరి చదువుకు పనికొచ్చింది, ఏ చెల్లెలి పెళ్లి జరిపించింది అన్నది తేల్చకుండా, ఆ మాటనే నిందగా వాడటం న్యాయం కాదు.

ఇళ్లలో చెప్పుకునే మాటలు నమ్మదగ్గవి కావని మరో ఆక్షేపణ. తాత బస్రాలో ఉంటే మనవడు ఫ్రాన్సు అంటాడు, నిజమే. కానీ పోల్చి చూడటానికి వస్తువులున్నాయి. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్‌ను చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూడండి. సన్నని అక్షరాల్లో సైనికుని నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. పలక మీద లేని పేరు అక్కడుంది. ఆయుధం పట్టినవాడికి వెండిది ఇచ్చారు. కూలి దళంలో మట్టి మోసినవాడికి కంచుది ఇచ్చారు. ఆ 277 మందిలో తుపాకీ పట్టినవాళ్లెందరో, పార పట్టినవాళ్లెందరో పలక చెప్పదు. పతకం చెబుతుంది. దళం పేరు తెలిస్తే లండన్ జాతీయ అభిలేఖాగారంలోని యుద్ధ దినచర్యలతో మనవడి మాటను సరిచూడవచ్చు. ఇక రెండో యుద్ధంలో 25 లక్షల మంది భారత సైన్యంలో పనిచేశారు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు కావాలి. యుద్ధకాలంలో చేరి 1946లో ఇంటికొచ్చినవాడికి ఆ అర్హత లేదు. కాబట్టి అలాంటివారి కోసం పింఛను దస్త్రాల్లో వెతికి లాభం లేదు. వాళ్ల చరిత్రకు ఆధారం భార్య దాచిన డిశ్చార్జి పుస్తకం, అందులోని పుట్టుమచ్చల వివరం, పైఅధికారి రాసిన నడవడి మాట.

ప్రస్తుతం నేను తలపెట్టిన పని ఇదే: వేలూరు, గుడియాత్తం, సరిహద్దు అవతలి పలమనేరు, చిత్తూరు ప్రాంతాల తెలుగు ఇళ్లలోని సైనిక కాగితాల పట్టిక తయారుచేయడం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటే కనుక, గీతకు ఒకవైపే వెతికితే పని సగమే అవుతుంది. పాత పెట్టె ఖాళీ చేసేటప్పుడు డిశ్చార్జి పుస్తకాన్ని చిత్తుకాగితాల్లో వేయకండి. వెండి పతకాన్ని కరిగించక తప్పదనుకుంటే, ముందుగా దాని అంచు మీది అక్షరాలు ఒక కాగితం మీద రాసి ఉంచండి.