కాచినా పోనివి



మీవాళ్ళను చూసుకుంటూ వార్డు బయట కూర్చున్న మీతో రెండు మాటలు చెప్పాలని వచ్చాను. ఇన్నేళ్ళుగా మన కోడుమూరులో "నీళ్ళు కాచి తాగండి" అని చెబుతూనే ఉన్నాను. మొన్న ఒక తల్లి అడిగింది: "సిస్టర్, మా కొడుకు హైదరాబాదులో ఫ్యాక్టరీల పక్కన అద్దెకుంటాడు. కొళాయి నీళ్ళు కాచి మనవరాలికి డబ్బాపాలు కలుపుతారు. అంతే చాలు కదా?" నేను వెంటనే చాలు అనలేకపోయాను.

కాచితే క్రిములు చస్తాయి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రాకుండా అది కాపాడుతుంది. కాబట్టి కాచడం మానవద్దు. కానీ సీసం, ఆర్సెనిక్, క్రోమియం క్రిములు కావు, వేడికి చావవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అవి కొంచెం చిక్కబడతాయి కూడా.

ఇది ఉత్త భయం కాదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి బావులు, పొలాలు చెడిపోయాయి. అక్కడి గ్రామాల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వారికి మంచినీరు ఇవ్వాలని 1990లలో కోర్టు ఆదేశించింది.

2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. మొదట చేసిన నీటి పరీక్షల్లో తప్పు కనబడలేదు. రోగుల రక్తంలో మాత్రం సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. అవి తాగునీటితోనే వచ్చాయని చెప్పలేం. కానీ మనకు ఒక పాఠం ఉంది: ఏ పరీక్షయినా దేనిని వెతకమంటే దానినే వెతుకుతుంది.

అందుకే ల్యాబుకు వెళ్ళినప్పుడు "నీళ్ళు బాగున్నాయా?" అని మాత్రమే అడగకండి. "సీసం, ఆర్సెనిక్, క్రోమియం, నైట్రేట్, ఫ్లోరైడ్ చూడండి" అని పేరుపెట్టి అడగండి. లోహాలు చూసే యంత్రం ఉందో లేదో ముందే కనుక్కోండి. సీసా వాళ్ళనే అడిగి తీసుకోండి. సీసం కోసమైతే రాత్రంతా పైపులో నిలిచిన నీటిని, తెల్లవారి కొళాయి తిప్పగానే పట్టండి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము మించకూడదు. చేతిలో పట్టుకునే టి.డి.ఎస్. మీటరు ఇంత తక్కువను పసిగట్టలేదు. రంగు, రుచి, వాసన కూడా తెలియవు.

ఫలితం వచ్చేదాకా ఉదయం మొదటి నీళ్ళు వంటకు, తాగడానికి వాడకండి. కాసేపు వదిలి, ఆ నీటిని గిన్నెలు కడగడానికి ఉంచుకోండి. పైపులోని సీసం దీనివల్ల తగ్గుతుంది గానీ, నీటి మూలమే చెడితే ఇది పనిచేయదు. క్యాండిల్ ఫిల్టరు లోహాలను సరిగా ఆపదు. బాగా చూసుకునే ఆర్.ఓ. యంత్రం చాలావరకు ఆపుతుంది.

పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆలస్యం చేయకండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జరిగిన నష్టాన్ని మందులతో తిరిగి తేలేము. బిడ్డకు రక్తం తక్కువై, మాటిమాటికీ కడుపునొప్పి, మలబద్ధకం ఉంటే, ఏ నీళ్ళు తాగుతున్నదో కూడా డాక్టరుగారికి చెప్పండి.

ఆ తల్లి ఆ రాత్రే కొడుకుకు ఫోను చేసింది. పట్నంలో మీవాళ్ళు ఉంటే మీరూ ఈరోజే చేయండి.