పొలం కాచే గూబను ఫొటో తీయండి, బెదరగొట్టకండి

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర, కాలువ నీళ్ళ సంగతి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. ఇప్పుడు గుడ్లగూబ సంగతి. నవ్వకండి, ఇదీ మన సాగు ఖర్చు లెక్కలోదే.

మన ఊళ్ళల్లో మనుషుల పక్కనే బతికే గూబలు ముఖ్యంగా రెండు. చింత, మర్రి తొర్రల్లో కాపురముండి, పొద్దుగూకక ముందే కొమ్మ మీదికొచ్చి కూర్చునేది చిన్న పైడికంటి. పాత గోదాముల్లో, గుడి గోపురాల్లో, పాడుబడ్డ ఇళ్ళల్లో ఉండేది తెల్లమొహం గూబ. దీన్నే చావుపిట్ట అని రాళ్ళతో కొడుతున్నాం.

పైడికంటి పురుగులు, మిడతలు, చుంచులు తింటుంది. తెల్లగూబకు ముఖ్యమైన మేత ఎలుకలే. నమ్మకం లేకుంటే అది వాలే చోట కింద చూడండి. అరగని బొచ్చు, బొమికలు ఉండలుగా కక్కి ఉంటుంది. పుల్లతో విడదీస్తే ఎలుక పుర్రెలు కనబడతాయి. మన వేరుశనగ, శనగ, వరి తిన్న ఎలుకలవి.

అందుకే ఫొటోలు తీయమంటున్నాను. ఎలుకను నోట కరుచుకున్న గూబ ఫొటో ఒక్కటి రచ్చకట్ట మీద చూపిస్తే, వంద ప్రసంగాల పని చేస్తుంది.

తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మనం దారిన పోతుంటే గూబ పట్టించుకోదు. ఆగి, గుడ్లప్పగించి చూస్తేనే బెదురుతుంది. దూరం నుంచి, సాయంత్రం వెలుతురులోనే తీయండి. తల కిందికీ మీదికీ ఊపుతోందంటే మీరు దగ్గరికొచ్చారని అర్థం, వెనక్కి జరగండి. రాత్రి ఫ్లాష్, టార్చి వేయకండి. తొర్రలో చెయ్యి పెట్టకండి, అడ్డమని కొమ్మ నరకకండి. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు అసలు దగ్గరికే పోవద్దు.

ఇంకొక మాట. ఫొటో వాట్సాప్‌లో పెడితే ఊరు, చెట్టు గుర్తులు రాయకండి. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గూబలను పట్టి అమ్మేవాళ్ళు దేశంలో ఉన్నారు. గూబను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా కనబడితే అటవీ శాఖకు చెప్పండి.

ఇక అసలు సంగతి. ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా తిరుగుతుంటుంది, గూబకు సులువుగా దొరుకుతుంది. ఆ విషం గూబకూ ఎక్కుతుంది. ఎలుకలు మళ్ళీ పుట్టుకొస్తాయి, మళ్ళీ మందు కొనాలి. గూబ మాత్రం అంత త్వరగా తిరిగి రాదు. లాభం మందుల కంపెనీది, నష్టం మనది.

కాబట్టి తొర్ర ఉన్న ముసలి చెట్టును వంటచెరుకు కింద కొట్టకండి. చేలో ఎకరాకు పది పక్షి స్థావరాలు నాటండి, పగలు ఏట్రింత, రాత్రి గూబ వాలతాయి. చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చండి. మందు పొట్లాలతో సరిపెట్టకుండా ఈ పద్ధతులు కూడా ఊరూరా నేర్పమని వ్యవసాయ శాఖను అడుగుదాం. అడిగేటప్పుడు మీరు తీసిన ఫొటోలు చేతిలో ఉండాలి.