తేటనీటిలోని పాషాణము



వంగదేశపు పల్లెలలో పూర్వము చెరువునీరే త్రాగునీరు. ఆ నీటివలన కలరా, అతిసారము ప్రబలి పసిబిడ్డలు మరణించుచుండిరి. ఆ బాధ తొలగుటకై 1970 దశకము నుండి ఊరూర గొట్టపు బావులు వేయించిరి. నీరు తేటగా నుండెను. వాసన లేదు, రుచి చెడలేదు. తల్లులు సంతసించిరి. కాని కొన్ని యేండ్లకు ఆ నీరు త్రాగినవారి అరచేతులు, అరికాళ్లు కాయలు కాచినట్లు గట్టిపడెను. ఒంటిపై మచ్చలు లేచెను. కొందరికి పుట్టకురుపు సంభవించెను. 1983లో కలకత్తా చర్మవైద్యులు డాక్టరు కె. సి. సాహా ఈ రోగమునకు మూలము బావినీటిలోని పాషాణమని గుర్తించిరి.

ఆంగ్లమున ఆర్సెనిక్ అనబడు పాషాణము తెలుగువారికి క్రొత్తది కాదు. వైద్యులెరిగిన హరిదళము, మణిశిల గంధకముతో కూడిన పాషాణపు ఖనిజములే. వంగదేశమున మాత్రము ఇది నదులు తెచ్చిన ఒండ్రుమట్టిలో ఇనుపత్రుప్పు నంటిపెట్టుకొని యున్నది. గాలి సోకని లోతున సూక్ష్మజీవులు ఆ త్రుప్పును కరగించినపుడు విడివడి నీట గలియును. ఎవరును కలిపిన విషము కాదు.

పాషాణమెంత కలదని యడిగిన చాలదు. ఏ రూపమున కలదని యడుగవలెను. ఆర్సెనైట్, ఆర్సెనేట్ అనునవి నిరింద్రియ రూపములు, రెండును విషములే. అందు ఆర్సెనైట్ మరింత తీవ్రమైనది, వడపోతకు సులభముగా లొంగనిది. సముద్రపు చేపలలోని ఆర్సెనోబీటైన్ అను సేంద్రియ రూపము మాత్రము దేహమున నిలువక బయటికి పోవును. దానివలన హాని లేదు. మొత్తము మాత్రమే లెక్కించువాడు మంచి చేపను విషమని త్రోసివేయును.

రూపములను వేరుపరచుటకు ప్రయోగశాలలో నీటిని సన్నని గొట్టము గుండ నడపుదురు. ఒక్కొక్క రూపము ఒక్కొక్క వేళకు వెలువడును. దానిని అత్యుష్ణమైన ప్లాస్మాలో పంపి, పరమాణువుల బరువునుబట్టి లెక్కింతురు. అయినను అసలు చిక్కు బావియొద్దనే కలదు. పైకి వచ్చిన నీటిలోని ఇనుము గాలి సోకి త్రుప్పగును. ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారి ఆ త్రుప్పుతో సీసా అడుగున చేరును. కావున బావికడనే వడగట్టి, తగిన ఆమ్లము కలిపి, వెలుతురు తగులకుండ చల్లగా నుంచి పంపవలెను. ఈ జాగ్రత్త తప్పినచో ఎంత గొప్ప యంత్రమైనను అసత్యమే చెప్పును.

మట్టి విషయమును అట్టిదే. ఘాటైన ఆమ్లమున కరగించిన మొత్తము తెలియును గాని వేరునకు అందునదెంతయో తెలియదు. అందుచే మొదట ఫాస్ఫేటు ద్రావణముతోను, పిదప త్రుప్పును కరగించు ద్రావణముతోను అంచెలంచెలుగా కడిగి చూతురు. మడిలోని తడిమట్టిని ఎండబెట్టిన రూపము మారిపోవును.

నీరు నిలిచిన మడిలో ఆర్సెనైట్ పెరుగును. వరివేరు సిలికాను పీల్చుకొను దారినే దానిని లోనికి రానిచ్చునని 2008లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. అంతర్జాతీయ ఆహార ప్రమాణసంఘము 2014లో పాలిషు బియ్యమునకు కిలోకు 0.2 మిల్లీగ్రాముల హద్దు విధించినది. అదియు నిరింద్రియ పాషాణమునకు మాత్రమే. రూపము కొలువనిదే ఆ హద్దు అర్థహీనము. అన్నమును మంచినీటితో సమృద్ధిగా వండి గంజి వార్చినచో ఈ విషము చాలవరకు తగ్గును. బావినీరే చెడ్డదైన ఆ ఉపాయము పనికిరాదు.

త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 1993లో లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు నిర్ణయించినది. బంగ్లాదేశమున లక్షలాది బావులను పరీక్షించి, చెడ్డవాటికి ఎఱ్ఱరంగు, మంచివాటికి పచ్చరంగు పూసిరి. ఒకే పెరటి చెంత ఒక బావి మంచిదై, పొరుగు బావి చెడ్డదగుట అచట సామాన్యము. కావున ఒకదానినిబట్టి మరొకదానిని నమ్మరాదు. తేటనీరెల్ల మంచినీరు కాదు. కన్ను చెప్పలేని ఈ సత్యమును కొలతయే చెప్పును. ఆ కొలతకు తొలి కాపరి, బావిగట్టున సీసా పట్టుకొని నిలిచిన గ్రామస్థుడే.