చిన్న చేతుల చందా, పెద్దల బాధ్యత

(రాయ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పెన్షన్లు, ఖాళీల భర్తీ గురించి మాట్లాడుకొనుటకు మనకు వేదికలు అనేకం ఉన్నవి. నేడు నాకు అప్పగించిన విషయం వేరు. ఎక్కడో వరద వచ్చినదని విని, మన క్వార్టర్ల వరుసలోని పదేళ్ల పాప తోటి పిల్లలను కూడగట్టుకొని, చేత డబ్బా పట్టుకొని మన గుమ్మంలో నిలిచినచో మన కర్తవ్యమేమి? పది రూపాయలు వేసి తలుపు మూసుకొన్నంత మాత్రాన అది తీరునా? తీరదని చెప్పుటకే నేను ఇక్కడ నిలబడినాను.

ఈ ప్రశ్న రాయ్‌పూర్ తెలుగువారికి దూరమైనది కాదు. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తి అయినది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఆ దారిన వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. కనుక అక్కడ తీరం మీద గాలి లేచినచో, సముద్రమే లేని ఈ ఊరిలో మన ఇండ్లకు నిద్ర ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకి, టెలిఫోన్లు మూగవోయినప్పుడు ఆ ఆందోళన ఎట్టిదో మనకు తెలియును. పెద్దల ముఖాలను చూసియే పిల్లలు విపత్తు అంటే ఏమో గ్రహిస్తారు. తామూ ఏదో చేయాలన్న తపన వారిలో కలుగుట సహజం.

“చదువుకొనే పిల్లలను ఇంటింటికీ తిప్పి అడిగించుట బిచ్చం నేర్పుట కాదా?” అని కొందరు శంకించవచ్చు. మనం నివసించే ఈ ఛత్తీస్‌గఢ్ నేలయే దానికి సమాధానం చెప్పుచున్నది. కోతలు ముగిసి ధాన్యం గాదెలకు చేరిన తరువాత, పుష్య పూర్ణిమనాడు ఇక్కడ ఛేర్‌ఛేరా పండుగ జరుగును. పిల్లలు సంచులు తగిలించుకొని ఇంటింటికీ పోయి ధాన్యం అడుగుతారు. ఆనాడు అడుగుట చిన్నతనం కాదు, ఇచ్చుట గొప్పతనం కాదు. పండిన పంటలో పరులకు భాగమున్నదని ఊరంతా ఒప్పుకొనే దినమది. మన ఆంధ్రదేశంలోనూ దసరా దినాలలో బడిపిల్లలు పంతులుగారి వెంట విల్లంబులు ధరించి గడపగడపకూ తిరిగే ఆచారం ఉండెడిది. తనకొరకు చేయి చాచుట వేరు, పదిమంది కొరకు చాచుట వేరు.

తెలుగు బాలిక ఒకరు ఇట్టి పనిని ఎంత సమర్థతతో చేయగలిగినదో చరిత్రలో ఉన్నది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీ స్త్రీలతోను, ఘోషాలోని ముస్లిం స్త్రీలతోను ఆయన మాట్లాడవలెనని దుర్గాబాయి సంకల్పించినారు. అప్పటికి ఆమె ఇంచుమించు పన్నెండేళ్ల బాలిక. 5,000 రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషాలు కేటాయింపగలమని స్థానిక నాయకులు చెప్పినారు. ఆమె వెనుదీయక, దేవదాసీ స్త్రీల సహకారంతో ఆ మొత్తాన్ని కూడబెట్టినారు. సభ జరిగినది. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని ఆ బాలికయే తెలుగు చేసినది. అక్కడి స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చినారు. అది విపత్తు సహాయ నిధి కాదు, నిజమే. అయినను, పెద్దలు అసాధ్యమని తలచిన మొత్తాన్ని ఒక బాలిక సాధించిన ఉదాహరణగా అది మనకు చాలును.

ఆమె కథలో రెండవ ఘట్టం కూడా మనకు ముఖ్యమే. 1923 కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో ఆమె స్వచ్ఛంద సేవిక. టిక్కెట్టు లేక వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను ఆమె ద్వారం వద్దనే ఆపినారు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే లోనికి పోనిచ్చినారు. నిధి కూర్చగల ఉత్సాహం, నియమం తప్పని నిక్కచ్చితనం రెండూ ఒకే బాలికలో ఉండినవి. ఈ రెండవ గుణాన్ని మన పిల్లలకు నేర్పవలసినది మనమే.

ఏలయన, జాలి మాత్రమే బాధితుని ఆకలి తీర్చదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసి 10,000కు మించిన ప్రాణాలను బలిగొన్నప్పుడు తెలుగుదేశం యావత్తు కదిలినది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి అగ్రనటులు ప్రజల ముందు జోలె పట్టినారు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాతనూ దేశం నలుమూలల నుండి సహాయం వెల్లువెత్తినది. కాని తమిళనాడు తీరంలో పాతబట్టలు గుట్టలుగా రోడ్ల ప్రక్కన పడిపోయినవి. సర్వం పోగొట్టుకొన్నవానికి చిరిగిన చొక్కా పంపుట సహాయమనిపించుకోదు. పైపెచ్చు వానికి అవమానం, అక్కడి సిబ్బందికి అదనపు బరువు. కావున డబ్బా పట్టుకొని బయలుదేరుటకు ముందే, అక్కడ ఏది అవసరమో జిల్లా అధికారులను విచారించి పిల్లలకు చెప్పవలెను.

ఇక లెక్క విషయం. ఇది మన వృత్తి విద్య. పాత మనీయార్డరు పద్ధతిని తపాలా సోదరులు మరచియుండరు. సొమ్ము అందుకొన్నవాని సంతకంతో రసీదు తిరిగి పంపినవానికి చేరెడిది. అప్పుడుగాని ఆ పని ముగిసినట్లు కాదు. రైల్వేలో వే బిల్లు లేని పార్సెల్ కదలదు. పిల్లల చందాకూ ఇదే నియమం వర్తింపవలెను. ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వవలెను. డబ్బాను ఇద్దరు పెద్దల సమక్షంలో తెరవవలెను. వచ్చిన మొత్తం, పంపిన మొత్తం, అందినట్లు వచ్చిన రసీదు నోటీసు బోర్డుపై పెట్టవలెను. అయితే ఎవరెంత ఇచ్చినారన్న పట్టిక మాత్రం బోర్డుకు ఎక్కరాదు. కాంట్రాక్టు కార్మికుడు ఇచ్చిన ఐదు రూపాయలు అధికారి ఇచ్చిన ఐదు వందల ప్రక్కన తలవంచుకొని నిలువరాదు.

సామగ్రి పంపవలసి వచ్చినచో మరొక జాగ్రత్త. 2018 కేరళ వరదలలోను, 2019లో ఒడిశాను ఫణి తుపాను తాకినప్పుడును సహాయ సామగ్రిని ఉచితంగా చేరవేయుటకు రైల్వేశాఖ ఉత్తర్వులిచ్చినది. ఇట్టి ఉత్తర్వులు ఆయా విపత్తులకు, నిర్ణీత గడువుకు మాత్రమే వర్తించును. పంపువారు ఎవరు, అందుకొనువారు ఎవరు అన్న షరతులును ఉండును. ఉత్తర్వు ఉన్నదో లేదో పార్సెల్ ఆఫీసులోని మన సోదరులే ముందుగా కనుగొని పిల్లలకు తోడ్పడవలెను.

పిల్లలను గూర్చి రెండు మాటలు. వారిని ఒంటరిగా, చీకటి పడిన తరువాత తిప్పరాదు. దండలు వేసి ఫొటోలు తీయించి, చందాను వారి గొప్పకు మెట్టుగా చేయరాదు. అట్లు చేసినచో రేపు వారు బాధితుని ముఖం కాక కెమెరా ముఖం చూచుట నేర్చుకొందురు.

చివరగా, కార్మికోద్యమం పిల్లలకు చెప్పవలసిన సత్యమొకటి ఉన్నది. చందా మన సౌహార్దం. సహాయం బాధితుని హక్కు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం విషయాలలో కనీస ప్రమాణాలు ఉండవలెనని చెప్పుచున్నది. వితంతువుల కొరకు, అనాథల కొరకు ప్రత్యేక ఏర్పాట్లను పేర్కొన్నది. మన పిల్లల డబ్బా నిండినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ప్రభుత్వ బాధ్యత ఉన్నదన్న కారణంగా మన గుమ్మం మూసుకొనుటయు తగదు. ఈ రెండు మాటలను కలిపి చెప్పినప్పుడే, ఇచ్చుట తెలిసిన బిడ్డకు అడుగుట కూడా తెలియును.

కనుక సోదరులారా, ఆ పాప మన గుమ్మంలో నిలిచిననాడు చందాతోపాటు ఒక రసీదు పుస్తకాన్ని, ఒక సాయంకాలాన్ని కూడా ఆమెకు ఇవ్వవలసినదిగా కోరుచున్నాను.