పగులు పూడ్చే ముందు కారణం తెలియాలి

(సోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు గృహస్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూర్ తూర్పు భాగంలో ఇల్లు నివాసమే కాక జీవనాధారం కూడా. ముందు గదిలో మరమగ్గం, వెనుక గదిలో కాపురం, వాకిట బీడీలు చుట్టే తల్లులు. ఇది ఇక్కడి ఎన్నో ఇళ్ల స్వరూపం. తెలంగాణ పల్లెల నుండి తరాల క్రితం వలస వచ్చిన కుటుంబాలు చద్దరు చద్దరుగా, తువ్వాలు తువ్వాలుగా కూడబెట్టిన సొమ్ముతో ఈ గోడలు లేపుకున్నాయి. అటువంటి ఇంటి గోడ బీటవారినప్పుడు, నేల ఒక వైపునకు కుంగినప్పుడు ఇంటివారి గుండె జారిపోవడం సహజం. ఆ భయంలోనే తొందరపాటు పుడుతుంది. తొందరపాటులో చేసుకున్న ఒప్పందం వల్ల డబ్బు పోతుంది, పగులు మాత్రం తిరిగి వస్తుంది.

ఈ నగరం నిలిచిన నేలలో అధికభాగం నల్లరేగడి. పత్తికీ జొన్నకూ ప్రీతిపాత్రమైన ఈ మట్టి ఇంటి పునాదికి అంత అనుకూలం కాదు. ఇందులోని సన్నని బంకకణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. వైశాఖంలో పొలాల్లో అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చి, వానలు పడగానే అవే మూసుకుపోవడం రైతులందరూ ఎరిగినదే. ఇంటి కింది నేల కూడా అలాగే కదులుతుంది. ఇల్లంతా ఒకేలా కదిలితే పెద్ద హాని లేదు. ఒక మూల తడిసి, మరొక మూల ఎండి, రెండూ వేర్వేరుగా కదిలినప్పుడే గోడ చీలుతుంది.

కాబట్టి గృహస్థు మొదట అడగవలసిన ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది?" అన్నది కాదు. "నేల ఎందుకు కదిలింది?" అన్నది.

దీనికి ఒక ఊహాత్మక ఉదాహరణ చెప్పుకోవచ్చు. ఒక నేత కుటుంబం ఇంట్లో వీధి వైపు కిటికీ మూల నుండి పైకప్పు దాకా ఏటవాలుగా పగులు వచ్చింది. ఆ పక్క గదిలో బండలు కుంగి, మగ్గం ఒరిగింది. వచ్చిన కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడే చూసి, "అక్కా, పునాది మొత్తం కూర్చుంది. చుట్టూ తవ్వి కాంక్రీటు వెయ్యాలి. సగం పైసలు ఇప్పుడిస్తే రేపే మనుషుల్ని దింపుతా" అన్నాడు. ఇంటి ఇల్లాలు, "ఎందుకు కూర్చుంది తమ్మీ?" అని అడిగింది. "పాత ఇల్లు కదక్కా" అన్నదే అతని సమాధానం. ఇవ్వవలసిన సొమ్ము ఆమె అత్తగారు ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టగా వచ్చిన భవిష్యనిధి. ఇంట్లో మిగిలిన నిల్వ అదొక్కటే. ఆమె వెంటనే ఇవ్వలేదు. ఇంటి ముందరి హౌజును నిండా నింపి, నీటి మట్టం దగ్గర గీత గీసి, ఒక పగలూ ఒక రాత్రీ చుక్క నీరు తోడకుండా ఉంచింది. మరునాటికి నీరు నాలుగు వేళ్ల మేర దిగిపోయింది. పగిలిన మూలకు హౌజు మూడడుగుల దూరంలో ఉంది.

ఈ నగరంలో కుళాయి నీరు రోజూ రాదు. అందుచేత దాదాపు ప్రతి ఇంటా నేలలో హౌజు ఉంటుంది. ఉజని జలాశయం నుండి ఎంతో దూరం ప్రయాణించి వచ్చిన నీరు హౌజు బీటల గుండా పునాది కిందికి చేరితే రెండు నష్టాలు. తాగే నీరు పోతుంది, నేల ఉబ్బుతుంది లేదా మెత్తబడుతుంది. హౌజుతో పాటు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. స్నానాల గది గొట్టం, గోడను ఆనుకుని పారే మురికి కాలువ, కప్పు మీది వాన నీరు సరిగ్గా గోడ మొదట్లో పడే తూము, వేసవిలో నేలలోని తేమను పీల్చే పెద్ద చెట్టు, పొరుగున కొత్త కట్టడానికి తవ్విన లోతైన గుంత. వీటిలో ఏది కారణమో తెలియకుండా పగుల్లో సిమెంటు నింపితే అది తాత్కాలిక ముసుగు మాత్రమే.

నేల కుంగడం వేరు, పునాది కుంగడం వేరు. ఈ భేదం తెలియకనే చాలామంది అనవసర వ్యయానికి లోనవుతారు. గోడలు నిటారుగా ఉండి, తలుపులు సాఫీగా మూసుకుంటూ, గది మధ్యలో బండలు మాత్రమే దిగబడితే తరచుగా అది పునాది దోషం కాదు. ఇల్లు కట్టిన నాడు గోడల మధ్య పోసిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోవడమే కారణం. దానికి మందు బండలు ఎత్తి, వదులు మట్టిని తీసి, నల్లమట్టి కలవని మొరాన్ని అరడుగు మందపు పొరలుగా పోసి, తడిపి, ఒక్కొక్క పొరను గట్టిగా దిమ్మిస కొట్టి, దానిపై కాంక్రీటు పరచి బండలు తిరిగి వేయడం. గోడ ఒరిగినప్పుడు, తలుపు చట్రం కోణం తప్పినప్పుడు, ఏటవాలు పగులు లోపలా బయటా ఒకేచోట కనిపించినప్పుడు మాత్రం పునాదిని శంకించాలి.

శంక తీరడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. పగులుకు రెండు వైపులా పెన్సిలుతో చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరాన్ని తేదీతో సహా గోడ మీదనే రాయాలి. ప్రతి పదిహేను రోజులకూ మళ్లీ కొలవాలి. నీటి గొట్టంతో గది నాలుగు మూలల మట్టం చూసి కాగితం మీద వేసుకోవాలి. తూకం గుండుతో గోడ నిటారుతనం పరీక్షించాలి. వేసవిలో విచ్చి, వానలకు దగ్గరపడే పగులు ఋతువును బట్టి ఆడుతున్నట్టు లెక్క. ఋతువులతో నిమిత్తం లేకుండా పెరుగుతూనే ఉండేది ప్రమాద సూచన. ఈ జిల్లాలో సెప్టెంబరులో వానలు ఎక్కువ కనుక, వేసవి నుండి ఆ నెల దాటేవరకు గమనిస్తే నేల స్వభావం చాలావరకు బయటపడుతుంది. అయితే పగులు 5 మిల్లీమీటర్లు మించినా, రోజుల్లోనే పెరిగినా, కప్పు పెచ్చులు ఊడినా గమనిస్తూ కూర్చోరాదు. ఆ గదిని ఖాళీ చేసి ఇంజనీరును పిలవాలి.

ఆ ఇంజనీరు పని చేయబోయే కాంట్రాక్టరు మనిషి కాకూడదు. రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కడే అయితే రోగం పెద్దదిగానే కనబడుతుంది. నమోదిత స్ట్రక్చరల్ ఇంజనీరుకు చెల్లించే రుసుము మొత్తం ఖర్చులో చిన్న భాగం. మట్టి పరీక్ష కూడా కష్టమైనది కాదు. భారతీయ ప్రమాణం 2720, 40వ భాగం ప్రకారం జల్లించిన 10 గ్రాముల పొడిమట్టిని ఒక కొలగాజులో కిరోసిన్‌లోనూ, మరొక కొలగాజులో శుద్ధజలంలోనూ వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. ఆ తేడాయే నేల గుణాన్ని చెబుతుంది. 30 ఏళ్లు దాటిన కట్టడాలకు నిర్మాణ స్థిరత్వ పరీక్ష చేయించడం మహారాష్ట్ర నగరపాలక సంస్థల చట్టం ప్రకారం ఎలాగూ యజమాని బాధ్యతే.

కారణం తేలిన తరువాతనే కాంట్రాక్టరును వెతకాలి. కనీసం ముగ్గురిని పిలిచి, ఇంజనీరు రాసిన ఒకే పని పట్టికను ముగ్గురి చేతికీ ఇవ్వాలి. ఒకరు అయిదడుగుల లోతుకు, మరొకరు మూడడుగుల లోతుకు ధర చెబితే ఆ రెండు ధరలకు పోలిక లేదు. వారు రెండేళ్ల క్రితం బాగుచేసిన ఇల్లు ఏదైనా చూపమని అడగాలి. నిన్న పూసిన గోడ అందరిదీ నున్నగానే ఉంటుంది. రెండు వానాకాలాలు దాటిన గోడే మేస్త్రి పనితనానికి సాక్షి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. అది సాధారణంగా మరాఠీలో ఉంటుంది. మరాఠీ ధారాళంగా మాట్లాడినా చదవడం రాని పెద్దలు ఇక్కడ ఎందరో ఉన్నారు. అటువంటివారు ఇంటి పిల్లలచేత ప్రతి వాక్యం చదివించుకుని, తెలుగులో అర్థం చెప్పించుకున్న తరువాతనే సంతకం చేయాలి. అందులో ఉండవలసినవి ఇవి: పనికి కారణం, తవ్వే చోటు, లోతు, వెడల్పు, సిమెంటు రకం, కాంక్రీటు పాళ్లు, నీళ్లు పట్టే రోజుల సంఖ్య, కప్పుకు ఆసరా నిలిపే బాధ్యత, తీసిన మట్టిని తరలించే బాధ్యత, పొరుగు గోడకు నష్టం జరిగితే భరించేవారు, తవ్వాక ఊహించనిది బయటపడితే ధర నిర్ణయించే పద్ధతి. ఉమ్మడి గోడ అయితే పొరుగువారి సమ్మతి రాతలో తీసుకోవాలి. గోడలు, స్తంభాలు మార్చే పని ఏదైనా నగరపాలక సంస్థ భవన అనుమతుల విభాగంలో విచారించి మొదలుపెట్టాలి.

సొమ్ము పనికి ముందు నడవకూడదు, పని వెంట నడవాలి. బయానాగా పదో వంతు, ఆపై దశ దశకు కొలత చూసి చెల్లింపు, చివరి పదో వంతు ఒక వానాకాలం గడిచాక. ఈ పద్ధతికి నిజాయితీ గల కాంట్రాక్టరు సాధారణంగా ఒప్పుకుంటాడు. అతని కూలీల వారపు బత్తెం ఆగకుండా దశల చెల్లింపులను సకాలంలో ఇవ్వడం గృహస్థు ధర్మం. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోవాలి. మూసివేయబోయే ప్రతి గుంతనూ మూయకముందే కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. మట్టి కప్పిన తరువాత లోతు ఎంతో ఎవరూ చెప్పలేరు.

పునాది కింద కొత్త కాంక్రీటు వేయవలసి వస్తే ఒక నియమాన్ని ప్రాణంతో సమానంగా పాటించాలి. గోడ పొడవునా ఒకేసారి తవ్వరాదు. మూడు నాలుగు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, వేసిన కాంక్రీటు గట్టిపడ్డాకనే పక్క ముక్కను ముట్టుకోవాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోరాదు. త్వరగా ముగిద్దామని మొత్తం తవ్వే మేస్త్రిని ఆ క్షణమే ఆపాలి. ఆ గోడ కింద మనుషులు ఉంటారు.

పని చెడితే గృహస్థు నిస్సహాయుడు కాడు. గృహనిర్మాణ సేవలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోనివి. వివాదం మొదలైన 2 సంవత్సరాలలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. సలహాకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఒప్పందం, రసీదులు, ఫోటోలు, గోడ మీది తేదీలు అక్కడ సాక్ష్యమవుతాయి.

చివరగా ఆ నేత కుటుంబం విషయం. హౌజు లోపలి బీటలు పూడ్చి, నీరు నిలిచేలా పూత వేయించారు. కప్పు తూమును గోడకు దూరంగా మళ్లించారు. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు వేయించారు. శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవం వెళ్లింది, సెప్టెంబరు వానలూ వెళ్లాయి. గోడ మీది పెన్సిలు చుక్కలు మరి జరగలేదు. అప్పుడు పగులు పూడ్చి, ముందు గది నేల ఎత్తించి, మొరం పోయించి, మగ్గాన్ని మళ్లీ మట్టం మీద నిలిపారు. భవిష్యనిధిలో అధికభాగం అత్తగారి పేరనే మిగిలింది.

ప్రతి ఇంటి కథా ఇంత సులభంగా ముగియదు. కొన్ని పునాదులను నిజంగానే తవ్వవలసి ఉంటుంది, ఆ ఖర్చు తప్పదు. అయినా తెలిసి పెట్టిన ఖర్చుకూ భయపడి పెట్టిన ఖర్చుకూ చాలా దూరం ఉంది. కాంట్రాక్టరుకు కబురు పంపే ముందు గృహస్థు ఒక పెన్సిలు, ఒక నీటి గొట్టం, ఒక రోజు ఓపిక సమకూర్చుకుంటే ఆ దూరంలో సగం దాటినట్టే.