మన వంశాల పట్టికకు ఏ భాష?



మా కంప్యూటర్ ఉపసంఘానికి అప్పగించిన విషయం వినడానికి కొంచెం కటువుగా ఉంటుంది. డేటాబేస్‌తో నడిచే వెబ్‌సైట్‌కు సర్వర్ మీద ఏ ప్రోగ్రామింగ్ భాష వాడాలన్నది ప్రశ్న. పండుగనాడు ఈ యంత్రాల గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. కాని ఇది మన ముత్తాతల పేర్లు నిలవడమో, పోవడమో తేల్చే సంగతి. అందుచేత కొద్దిసేపు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాము.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాల్‌కు వచ్చినవారు సుమారు 1,52,000 మంది. ప్రతివారికి ఒక నంబరు. దానికి ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. ఆ ఓడల జాబితాలే మనలో చాలామందికి స్వగ్రామాన్ని చెప్పే ఏకైక ఆధారం. జాబితాలో లేని సంగతులు, అనగా ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఇంటిపేరు ఏమిటి, ఇవి మన ఇళ్లలోని ముసలివారి నోట ఉన్నాయి. వారు ఏటేటా తగ్గిపోతున్నారు. కాగితాన్నీ నోటిమాటనూ ఒకచోట చేర్చడమే మన సంఘం తలపెట్టిన పని.

వెబ్‌సైట్ నడిచే తీరు ఒక పాత రికార్డు ఆఫీసు వంటిది. బయట కిటికీ దగ్గర నిలబడి చీటీ ఇచ్చేవారు మీరు. లోపల బీరువాల గది డేటాబేస్. మధ్యన చీటీ చదివి, లోపలికి వెళ్లి, కాగితం వెదికి తెచ్చే గుమాస్తాయే సర్వర్ మీది ప్రోగ్రాము. అతనికి ఏ భాషలో పని చెప్పాలన్నదే మన ఎంపిక.

భాషలకు కొదవలేదు. పెర్ల్ 1987లో వచ్చింది. పైథాన్ 1991లో, పీ.హెచ్.పీ., జావా, రూబీ 1995లో వెలువడ్డాయి. బ్రౌజర్‌కు పుట్టిన జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీదికి తెచ్చిన నోడ్ 2009 నాటిది. ఇవన్నీ బీరువా తెరవగలవు. కాబట్టి ఏది గొప్పదని కాక, మన పనికి ఏది కుదురుతుందని నాలుగు పరీక్షలు పెట్టుకున్నాము.

మొదటిది తెలుగు అక్షరం. "తెలుగు" అన్న మాటలో మన కంటికి 3 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో హల్లు వేరు, గుణింతం వేరు గనుక 6. యూ.టీ.ఎఫ్.-8 పద్ధతిలో దాచినప్పుడు 18 బైట్లు. పీ.హెచ్.పీ.లోని సాధారణ కొలత 18 అంటుంది. సరైన లెక్కకు వేరే ఫంక్షన్లు పిలవాలి. పైథాన్ 3 తనంతట తానే 6 అంటుంది. ఈ తేడా తెలియనివారు పొడవైన పేరును మధ్యలో కోస్తే సగం అక్షరం మిగిలి, ముత్తవ్వ పేరు ప్రశ్నార్థకాల వరుస అవుతుంది.

రెండవది భద్రత. చీటీలో పేరుకు బదులు "బీరువాలన్నీ ఖాళీ చెయ్యి" అని ఎవరైనా రాస్తే, తెలివిలేని గుమాస్తా దాన్ని ఆజ్ఞగా తీసుకుని పాటిస్తాడు. వెబ్‌సైట్లకు జరిగే పెద్ద హానులలో ఇదొకటి. ఆజ్ఞను ముందే సిద్ధం చేసి, పేరును పేరుగా మాత్రమే అందించడం దీనికి విరుగుడు. నేడు అన్ని భాషలలోనూ ఈ సౌకర్యం ఉంది. పీ.హెచ్.పీ.లో అది లేని పాత ఫంక్షన్లను 2015లో వచ్చిన 7వ కూర్పులో తీసివేశారు. అయినా పాత పుస్తకాలు చూసి రాసేవారు ఇంకా ఉన్నారు.

మూడవది వెదుకులాట. మన నాయుడు ఇక్కడ రెండు "ఓ"లతోనూ రాయబడ్డాడు, చివర ఒక్క "యూ"తోనూ రాయబడ్డాడు. ధ్వనిని బట్టి వెదికే సౌండెక్స్ పద్ధతి ఆ రెంటినీ ఒకటిగానే పట్టుకుంటుంది. కాని అది ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరాన్ని మార్చదు. మన పల్లెల్లో వెంకమ్మను ఎంకమ్మ అంటారు కదా! గుమాస్తా విన్నట్టు రాసుకుంటే, ఒకే మనిషి రెండు చోట్ల చేరిపోతుంది. దీనికి ఏ భాషలోనూ తయారు మందు లేదు. మన ఉచ్చారణ తెలిసిన మనమే ఆ సూత్రాలు రాసుకోవాలి.

నాలుగవదే అసలైన పరీక్ష: పదేళ్ల తరువాత దీన్ని బాగుచేసేది ఎవరు? రాసిన కుర్రవాడు చదువుకనో ఉద్యోగానికనో ఊరు దాటిపోతాడు. భాషా అక్కడే ఆగిపోదు. పీ.హెచ్.పీ. 5వ కూర్పుకు 2018 చివర, పైథాన్ 2కు 2020 జనవరి 1న మద్దతు ఆగింది. అంతటితో వాటి మీది సైట్లు తాళం లేని ఇళ్లయ్యాయి.

మాలో ఏకాభిప్రాయం లేదని దాచడం లేదు. పీ.హెచ్.పీ. కావాలన్నవారి మాటలో న్యాయముంది. చౌకగా అద్దెకు దొరికే సర్వర్లలో అది సిద్ధంగా ఉంటుంది. 2003 నుంచి ఉన్న వర్డ్‌ప్రెస్ దానిలో రాసిందే కనుక తెలిసినవారు ఎక్కువ. పైథాన్‌కు అద్దె కొంత పెరగవచ్చు. అయినా ఎక్కువమందిమి పైథాన్, దాని మీద 2005లో వెలువడిన జాంగో చట్రం, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ వైపు మొగ్గాము. కారణాలు రెండు. పట్టికల వివరణ రాస్తే చాలు, పేర్లు ఎక్కించే తెరలను జాంగోయే తయారుచేస్తుంది. ప్రోగ్రాము రాని అత్తయ్యలు, బాబాయిలు కూడా కూర్చుని నింపగలరు. ఇక పైథాన్ మన పిల్లలు మొట్టమొదట నేర్చే భాషలలో ఒకటి. రేపటి మరమ్మతుదారు మన ఇంట్లోనే పెరుగుతాడు. జాంగో దీర్ఘకాలిక కూర్పులకు మద్దతు 3 ఏళ్లే గనుక, ఆలోగా కొత్తదానికి మారడానికి డబ్బూ మనిషీ సంఘం ఇప్పుడే కేటాయించాలి.

బతికివున్నవారి వివరాలు వేరే పట్టికలో, అందరికీ కనబడకుండా ఉంటాయి. 2013 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరేదీ జాగ్రత్తే. మన మర్యాద కోరేదీ అదే.

చెరకు తోటలలో మన పెద్దలు ఫనగలో అనే కలగాపులగపు భాషతో పని నడుపుకున్నారు. ఇంటికి వచ్చి బిడ్డకు తెలుగులో జోల పాడారు. ప్రోగ్రామింగ్ భాష కూడా తోటలోని భాష వంటిదే. పని ముగిశాక మార్చుకోవచ్చు. మార్చరానిది లోపలి పేరు. అందుకే ప్రతి నెలా మొత్తం పట్టికను ఏ యంత్రమైనా చదవగల సాదా పాఠంగా దింపి, మూడు చోట్ల భద్రపరచాలని మా తీర్మానం.

భాష సంగతి మేము చూసుకుంటాము. మీరు చేయవలసినది ఒక్కటే. ఈ వారమే మీ ఇంటి పెద్దల పక్కన కూర్చుని, పేర్లు అడిగి, వారు పలికినది పలికినట్టు రాసి తెండి. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా, బీరువాలో లేని కాగితాన్ని తేలేడు.